పది బోల్టుల మీద పది గీతలు

చెంప వాచిన డిటెక్టివ్‌ని చూస్తే ఎవరికీ భయం వేయదు, జాలి వేస్తుంది. ఆ సంగతి మన డిటెక్టివ్‌కి ఆ మధ్యాహ్నం బాగా తెలిసొచ్చింది. కుడివైపు కింది దవడలో పన్ను ఒకటి రెండు రోజులుగా ప్రాణం తోడేస్తోంది. ఉరిమి చూద్దామంటే ఆ పక్క కన్ను సగమే తెరుచుకుంటోంది. దానికి తోడు ఎదురుగా స్టూలు మీద కూర్చున్న నిందితురాలు అతని సొంత పిన్ని.

"పిన్నీ, ఇది విచారణ. ప్రశ్నలు నేను అడుగుతాను, నువ్వు జవాబులు చెప్పాలి," అన్నాడు.

"పన్ను చూపించుకున్నావా లేదా?" అంది పిన్ని.

ఇంజన్లు విప్పి కొత్తగా బిగించడంలో తనంతటివాళ్ళు లేరని పిన్ని నమ్మకం. ఆ నమ్మకాన్ని మనసులో దాచుకునే అలవాటు ఆమెకు లేదు, వచ్చిన ప్రతివాడికీ చెబుతుంది. మూడు ఉద్యోగాలు ఊడి రోడ్డున పడ్డ రోజున అక్క కొడుకుని పిలిచి, షెడ్డు మీది గది ఇచ్చి, 'డిటెక్టివ్' అని బోర్డు రాయించి, మేకులు కూడా తనే కొట్టింది. బోర్డు ఎడమవైపుకి వాలింది. బోర్డు సరిగ్గానే ఉంది, వీధే వాలుగా ఉంది అని ఆమె ఇప్పటికీ వాదిస్తుంది. అతనికి పిన్ని అంటే ప్రాణం. అంతకు రెట్టింపు భయం.

ఆ షెడ్డు ఇప్పుడు మూతపడబోతోంది. పళ్ళ డాక్టరుగారి పాత కారుకి పిన్ని ఇంజనంతా విప్పి కొత్త పిస్టన్లు వేసి ఇచ్చింది. మూడు వారాలు తిరగకుండానే అది నడిరోడ్డు మీద పొగలు కక్కుకుని ఆగిపోయింది. లాక్కొచ్చి, షెడ్డుకి బీమా ఇచ్చిన కంపెనీ సర్వేయరు ముందు విప్పితే, లోపల ఉన్నవి పిన్ని వేశానంటున్న పిస్టన్లు కావు. పందేల బళ్ళలో వాడే రకం. వాటిలో ఒకదాని నెత్తిన వేలు దూరేంత చిల్లు. తప్పు షెడ్డుదే అని సర్వేయరు ఐదింటికి రిపోర్టు మీద సంతకం పెడితే లైసెన్సు పోతుంది, షట్టరుకి సీలు పడుతుంది.

"అసలు ఆ పిస్టన్లకీ ఈ పిస్టన్లకీ తేడా ఏంటి? నాకు అర్థమయ్యేలా చెప్పు," అన్నాడు డిటెక్టివ్.

అలా అడగడం పొరపాటు. పిన్ని వెంటనే లేచి, అతని చేతులు సబ్బుతో కడిగించి, ఒక పిస్టన్ పట్టుకోమని ఇచ్చి పాఠం మొదలుపెట్టింది. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు దాని పైన ఎంత చోటు ఉంటుందో, పైకొచ్చాక ఎంత చోటు మిగులుతుందో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి, బంకులో దొరికే మామూలు పెట్రోలుకి తొమ్మిదిన్నర ఉంటే చాలు. దానికి నెత్తి చదునుగా ఉన్న పిస్టన్లు వేయాలి. ఈ పందెం రకంలా నెత్తి మీద బుడిపె ఉన్నవి వేస్తే ఆ బుడిపె చోటు తినేసి కంప్రెషన్ పన్నెండు దాటుతుంది. మామూలు పెట్రోలు అంత ఒత్తిడికి తాళలేక, ప్లగ్గు నిప్పు ఇవ్వకముందే తనంతట తనే అంటుకుంటుంది. లోపల ఎవరో సుత్తి పెట్టి బాదుతున్నట్టు చప్పుడు వస్తుంది. చప్పుడు విని కూడా బండి ఆపనివాడి పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

"మరి బుడిపెలవి ఎవరైనా ఎందుకు వేయించుకుంటారు?"

"స్పీడు పిచ్చి. డాక్టరు కూడా నాలుగుసార్లు అడిగాడు. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి తిరిగే బండికి నీకెందుకయ్యా అవి అన్నాను. చివరికి బుద్ధిగా ఒప్పుకున్నాడు. వారం రోజులు ఇక్కడే కూర్చుని పని అంతా చూశాడు. కొలతలకి పనికొస్తుందని ఈ పెద్ద సిరంజి కూడా ఇచ్చాడు. మంచివాడే, పాపం."

ఆ మంచివాడే ఇప్పుడు తాను బుడిపెల పిస్టన్లు అడగనే లేదని సర్వేయరుకి రాసిచ్చాడు. ఆ మాట పిన్నికి చెప్పే ధైర్యం డిటెక్టివ్‌కి లేకపోయింది. సరిగ్గా అప్పుడే షెడ్డు ముందు ఒక కారు ఆగింది.

దిగినవాడు సర్వేయరు. ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో ఫైలు. ఇతను డిటెక్టివ్‌కి తోడల్లుడు కావడం ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది. డిటెక్టివ్ భార్యకి సొంత అక్క మొగుడు. అత్తగారు ఏ సందర్భంలోనైనా ఇద్దరల్లుళ్ళనీ పక్కపక్కన కూర్చోబెట్టి పోల్చి చూస్తుంది. పెద్దల్లుడు కంపెనీ కారులో వస్తాడు, చిన్నల్లుడు ఎందులో వస్తాడో ఎవరూ అడగవద్దని అంటుంది.

"ఏం తమ్ముడూ, చెంప వాచింది? ఎవరినైనా ప్రశ్న అడిగావా?" అన్నాడు సర్వేయరు.

"పన్ను, అన్నయ్యగారూ."

"అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇక్కడ నీకు పని లేదు. కేసు తేలిపోయింది." ఫైలు తెరిచి వేళ్ళు మడిచాడు. "ఒకటి, ఇంజనులో ఉన్నవి పందెం పిస్టన్లు. కంప్రెషన్ పన్నెండున్నర. రోడ్డు బండికి అది ఉరితాడు. రెండు, హెడ్డు బోల్టుల మీద పిన్నిగారి గీతలు చెక్కు చెదరలేదు. అంటే ఈవిడ బిగించాక ఇంకెవరూ విప్పలేదు. మరి లోపల ఉన్నవి ఎవరు వేసినట్టు?"

ఆ గీతల సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఇంజను పైన మూతలా కూర్చునే హెడ్డుని పది బోల్టులు పట్టి ఉంచుతాయి. ఒక్కొక్క బోల్టూ బిగించగానే, దాని తల మీద నుంచి పక్కనున్న లోహం మీదికి పిన్ని ఎర్రటి గోళ్ళరంగుతో ఒక గీత లాగుతుంది. తర్వాత ఎవరైనా బోల్టు తిప్పితే గీత రెండు ముక్కలవుతుంది. ఈసారి హెడ్డు విప్పేముందు సర్వేయరు తనే ఫొటోలు తీశాడు. పదింటికి పది గీతలూ అతుకు లేకుండా ఉన్నాయి.

డిటెక్టివ్ ఆ ఫొటోలు అడిగి తీసుకుని, తెరుచుకున్న కన్నుకి దగ్గరగా పెట్టుకున్నాడు. పక్క బల్ల మీద పిన్ని నిన్న బిగించిన ఇంకో ఇంజను ఉంది. దాని బోల్టుల మీద గీతలు వానపాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. ఒక గీతైతే బోల్టుని వదిలేసి పక్కకి షికారు వెళ్ళింది. ఫొటోలో గీతలు అలా లేవు. పదీ ఒకే పొడవు, ఒకే మందం, పాపిడి తీసినట్టు తిన్నగా ఉన్నాయి.

పిన్ని బయటపడే దారి దొరికింది. "ఈ గీతలు పిన్ని గీసినవి కావు. ఎవరో విప్పి, మళ్ళీ బిగించి, పాత గీతలు తుడిచేసి కొత్తవి గీశారు. చూడండి, ఎంత చక్కగా ఉన్నాయో."

సర్వేయరు పెదవి విరిచేలోపే పిన్ని అడ్డం వచ్చింది. "నావి కాకపోతే ఎవరివిరా? ఇంత చక్కగా ఈ వీధిలో ఇంకెవరు గీస్తారు?"

"పిన్నీ, కాస్త ఆలోచించు. అటు బల్ల మీదున్న ఇంజను చూడు."

"చూశాను. అదీ అంతే చక్కగా ఉంది. నీ కన్ను వాచి అన్నీ వంకరగా కనిపిస్తున్నాయి."

డిటెక్టివ్ కళ్ళతో సైగలు చేశాడు. ఒక్క కన్నుతో చేసిన సైగ పిన్నికి ఎగతాళిలా తోచింది. ఆమె కోపంగా సర్వేయరు దగ్గర కలం లాక్కుని, గీతలు తనవేనని ఫొటోల కింద సంతకం పెట్టేసింది. ఆ సంతకం కూడా కాగితం అంచు దాటి ఫైలు మీదికి వెళ్ళింది.

"అమ్మగారే ఒప్పుకున్నారు," అన్నాడు సర్వేయరు మెత్తగా. "డిటెక్టివ్ అంటే ముందు సొంతవాళ్ళ నోరు కట్టేయాలి, తమ్ముడూ. ఐదింటికి వస్తాను." కారు ఎక్కి వెళ్ళిపోయాడు.

డిటెక్టివ్‌కి ఏడుపొక్కటే తక్కువ. లోకంలో ఏ నిందితుడైనా తప్పించుకోవడానికి అబద్ధమాడతాడు. ఇరుక్కోవడానికి ఇంత పట్టుదలగా పేచీ పెట్టే మనిషిని ఇక్కడే చూశాడు. అయినా ఊరుకోలేదు. విప్పిన ఇంజను మీదికి వంగి, బోల్టులు దిగే గుంతల్లోకి ఒక్కొక్కదానిలో అగ్గిపుల్ల పెట్టి గీరాడు. ఎనిమిదింటిలో మట్టి, నూనె వచ్చాయి. తొమ్మిదోదానిలో, మూలగా ఉన్న గుంత అడుగున, పుల్లకి మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగితే చొక్కా గుండీ అంత గులాబిరంగు ముద్ద. కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టు ఉంది.

"ఇదేంటి? గోళ్ళరంగా?"

పిన్ని దాన్ని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి కాదంది. గోళ్ళరంగు ఎండితే పెళుసుగా విరుగుతుంది, ఇది సాగుతోంది. డిటెక్టివ్ ఇంకో మాట అడిగాడు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు వాల్వులకి తగలకుండా ఉందో లేదో చూడటానికి దాని నెత్తిన ఏదో మెత్తటిది పెట్టి, హెడ్డు బిగించి తిప్పి చూస్తారు కదా, ఆ ముద్ద ఇలా జారిపడిందేమోనని. పిన్ని మెచ్చుకోలుగా చూసింది. ఆ పనికి తాను వాడేది పిల్లలు బొమ్మలు చేసుకునే ఆకుపచ్చ మట్టి అని, గులాబిరంగుది ఈ షెడ్డు గడప తొక్కలేదని చెప్పింది. అంటే ఎవరో ఇంకొకరు ఇదే పరీక్ష ఇదే ఇంజను మీద చేశారు. ఆ ఎవరో వేరే పదార్థం వాడారు. డిటెక్టివ్ ఆ ముద్దని కాగితంలో చుట్టి పై జేబులో పెట్టుకున్నాడు.

వెళ్ళేముందు పిన్ని చేత ఒక్క పని చేయించాడు. ఆమె హెడ్డులో పిస్టన్లకి ఎదురుగా ఉండే గుంతల్లో సిరంజితో నూనె నింపి, పిస్టన్ బుడిపె ఎంత చోటు తింటుందో కొలిచి, గోడ మీద సుద్దముక్కతో లెక్క వేసింది. పన్నెండున్నర వచ్చింది.

"మీ తోడల్లుడు సరిగ్గానే చెప్పాడురా," అంది పిన్ని ఒప్పుకోలేక ఒప్పుకుంటూ.

డిటెక్టివ్ మనసు చివుక్కుమంది. ఎంతైనా అన్నయ్యగారికి పని తెలుసు అనుకున్నాడు. అత్తగారు అనేది నిజమేనేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

ఇక మిగిలింది డాక్టరుగారు. కారు ఎవరి చేతుల్లో తిరిగిందో చెప్పాల్సింది ఆయనే. ఎలాగూ పన్ను చూపించుకోవాలి కాబట్టి ఒక్క టిక్కెట్టుతో రెండు పనులూ అవుతాయనుకుని డిటెక్టివ్ ఆయన ఆస్పత్రికి వెళ్ళాడు.

డాక్టరు సన్నగా, శుభ్రంగా, నవ్వుతూ ఉన్నాడు. కుర్చీ వెనక్కి వాల్చి, దీపం మొహం మీదికి తిప్పి, నోరు తెరవమన్నాడు. కారు తాళాలు ఎవరి దగ్గర ఉంటాయని డిటెక్టివ్ అడిగాడు. తన దగ్గరే అని డాక్టరు చెప్పాడు. వేరే మెకానిక్కు ఎవరైనా ముట్టుకున్నాడా అంటే, తన బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వనని, ఇంట్లో షెడ్డు, సామాను అన్నీ ఉన్నాయని, చిన్న చిన్న పనులు తనే చేసుకుంటానని గర్వంగా చెప్పాడు. ఆ చివరి మాటకి డిటెక్టివ్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇంకో ప్రశ్న అడగబోయేలోగా సూది దిగిపోయింది.

"పన్ను అరిగిపోయింది సార్. పైన తొడుగు వేస్తే సరిపోతుంది. కాస్త మత్తు ఎక్కనివ్వండి, కొలత తీసుకుంటాను."

కాసేపటికి డిటెక్టివ్ నాలుక వేరే ఎవరిదో అయినట్టు బరువెక్కింది. పెదవి ఎక్కడుందో తెలియడం లేదు. డాక్టరు పక్కకి తిరిగి, ఒక రేకు లాంటిదాన్ని వేడినీళ్ళలో ముంచి మెత్తబరిచి, రెండు వేళ్ళతో నోట్లోకి తోసి పళ్ళ మీద అదిమాడు.

"మైనం సార్. నెమ్మదిగా కొరికి అలాగే పట్టి ఉంచండి. పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య ఎంత సందు ఉందో దీని మీద అచ్చుపడుతుంది."

అప్పుడే డిటెక్టివ్ జేబులో ఫోను మోగింది. డాక్టరు మర్యాదస్థుడు. ఒక చేతి వేళ్ళు నోట్లోనే ఉంచి, రెండో చేత్తో ఫోను తీసి స్పీకరు నొక్కి డిటెక్టివ్ ఛాతీ మీద పెట్టాడు. ఫోనుతో పాటు జేబులోంచి కాగితం పొట్లం కూడా జారి పళ్ళెంలో పడి విచ్చుకుంది. పళ్ళెంలో మిగిలిన మైనం రేకులు ఉన్నాయి. గులాబిరంగువి. పొట్లంలోని ముద్దకీ వాటికీ రంగులో వెంట్రుకవాసి తేడా లేదు.

ఇద్దరూ ఆ పళ్ళెం వంక చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టరు మొహంలో నవ్వు ఇంకిపోయింది.

"తమ్ముడూ," అంది ఫోను, సర్వేయరు గొంతుతో. "పిన్నిగారి షెడ్డులోనే ఉన్నాను. కంప్రెషన్ పన్నెండున్నర, తప్పు షెడ్డుది అని రిపోర్టు రాసేశాను. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పు, లేకపోతే సంతకం పెట్టేస్తాను."

పన్నెండున్నర. డిటెక్టివ్ తలలో దీపం వెలిగింది. పిన్ని సిరంజితో కొలిచి లెక్కకట్టాక కదా ఆ అంకె తేలింది. అన్నయ్యగారు అంతకుముందే, చేతికి నూనె అంటకుండా, ఆ అంకె ఎలా చెప్పాడు?

"ఆఁ... ఊఁ... ఆఁ," అన్నాడు డిటెక్టివ్ ప్రాణం పెట్టి.

"అభ్యంతరం లేదన్నమాట. సంతోషం."

డాక్టరు మెల్లగా వేళ్ళు వెనక్కి లాక్కోబోయాడు. అవి బయటికి వస్తే మైనం, మనిషి, కేసు అన్నీ చేజారిపోతాయి. పిన్ని షట్టరుకి సీలు పడుతుంది. డిటెక్టివ్ ఇంకేమీ ఆలోచించలేదు. మైనంతో సహా ఆ రెండు వేళ్ళనీ పళ్ళ మధ్య బిగించి కొరికాడు. రెండు రోజులుగా నీళ్ళు కూడా తగలనివ్వని పన్ను, డాక్టరుగారు ఇచ్చిన మత్తు పుణ్యమా అని, ఇప్పుడు పట్టకారులా పనిచేసింది.

"వదలండి సార్, వదలండి! పిస్టన్లు నేనే మార్చాను! అమ్మగారు వేసినవి నా బీరువాలోనే ఉన్నాయి, ఇచ్చేస్తాను!" డాక్టరు గిలగిలలాడుతూ ఫోను వైపు తిరిగాడు. "సర్వేయరుగారూ, మీ తమ్ముడికి మీరైనా చెప్పండి! యాక్సిడెంటయిన పందెం కారులోంచి ఆ పిస్టన్లు తెచ్చి నాకు అమ్మింది మీరే కదా! ఇంజను పోతే షెడ్డు మీదికి తోసేద్దామన్నదీ మీరే కదా!"

ఫోను అవతల ఫైలు టపీమని మూసుకుంది. తర్వాత లైను తెగిపోయింది.

డిటెక్టివ్ పట్టు వదల్లేదు. నిమిషం గడవకముందే ఫోను మళ్ళీ మోగింది. ఈసారి డాక్టరు అడగకుండానే స్పీకరు నొక్కాడు.

"ఒరేయ్," అంది పిన్ని. "మీ తోడల్లుడు ఆ పిస్టన్లు నాలుగూ డిక్కీలో వేసుకుంటానంటున్నాడు. పరీక్షకి పంపాలట. నువ్వే ఇమ్మన్నావట. నిజమేనా?"

డిటెక్టివ్ వద్దు వద్దని అరిచాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం "ఊఁ ఊఁ".

"ఊఁ అంటే సరే. ఇచ్చేస్తున్నా."

చేతికందిన సాక్ష్యం డిక్కీ ఎక్కేస్తోంది. సొంత నోరు పనిచేయడం లేదు. అయితే ఆ గదిలో పనిచేసే నోరు ఇంకొకటి ఉంది. డిటెక్టివ్ డాక్టరు కళ్ళలోకి చూసి, ఫోను వైపు కనుబొమ్మ ఎగరేసి, పళ్ళు ఇంకాస్త బిగించాడు.

"ఇవ్వకండమ్మా!" అని డాక్టరు కేక పెట్టాడు. "ఆయన్ని కదలనివ్వకండి! వాటిని తెచ్చిచ్చింది ఆయనే, మార్చింది నేను! మీ తప్పేమీ లేదమ్మా!"

అవతల ఏదో బరువైన స్పానరు కింద పెట్టిన చప్పుడు, కాదు, చేతిలోకి తీసుకున్న చప్పుడు. ఆ వెంటనే షట్టరు గడగడమంటూ లోపలి నుంచి కిందికి దిగింది. కూర్చోండి పెద్దల్లుడుగారూ, స్టూలు శుభ్రంగానే ఉంది అని పిన్ని చెప్పడం వినిపించింది. అన్నయ్యగారి ఇస్త్రీ చొక్కా ఆ నూనె స్టూలు మీద కూర్చోవడం ఊహించుకుని డిటెక్టివ్‌కి కళ్ళు చెమర్చాయి. షెడ్డు నిలబడింది. పై గది కూడా నిలబడింది. వాలిన బోర్డు వాలినట్టే ఉంటుంది.

"డాక్టరూ," అంది పిన్ని మళ్ళీ ఫోనులోకి వచ్చి. ఆమె గొంతు మారింది. "ఒక్క మాట. బోల్టుల మీద గీతలు?"

డిటెక్టివ్ నోట్లో ఇరుక్కున్న తన వేళ్ళ వంక డాక్టరు చూసుకున్నాడు. "అవీ నావేనమ్మా. పళ్ళు గీకే సూదిని గోళ్ళరంగులో ముంచి గీశాను."



"అనుకున్నాను," అంది పిన్ని. "ఫొటో చూడగానే అనుకున్నాను, ఇంత వంకరగా ఎవడు గీశాడా అని."